చౌడు మిద్దె లెక్క

(జమా ఖర్చులు)

ఈ శీర్షికలో ఇంతవరకూ డిపాజిట్లు, వీలునామాలు, నామినేషన్లు, అప్పుకు హామీ సంతకం పెట్టి తలకు చుట్టుకున్న వ్యవహారాలు రాస్తూ వచ్చాను. ఈసారి చెత్త గురించి రాయబోతున్నాను. "బ్యాంకులో కూర్చుని అంకెలు కూడుకునేవాడికి చెత్తతో పనేమిటి?" అని మీరు అనవచ్చు. మా ఇంట్లోనూ అదే అన్నారు. కాస్త ఓపిక పట్టండి. ఇది కూడా బాకీ లెక్కే. కాకపోతే కాగితం మీద కాదు, మట్టిలో.

మా తాతగారి ఊరు బళ్ళారి పక్కన ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పెళ్ళిళ్ళలో రెండూ. ఆ ఇల్లు మట్టి మిద్దె. రాతి గోడలు, కట్టె దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, వాటిమీద మందంగా మట్టి, అన్నిటికంటే పైన చౌడు. రాయలసీమవైపు నుంచి వచ్చిన కుటుంబాలవారికి ఈ మిద్దెల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. వానలకు ముందు మా తాత చెరువు దగ్గరి చౌడు నేల నుంచి బండెడు మట్టి తెప్పించేవాడు. దాన్ని మిద్దె మీద పరచి, నీళ్ళు చిలకరించి, దిమ్మిసతో కొట్టించేవాడు. పిల్లలందరం పైకెక్కి తొక్కేవాళ్ళం. మా అవ్వ మాత్రం కింద నిలబడి, "గడ్డి మొలక ఒక్కటి కూడా ఉండకూడదు, వేరు దిగిందంటే నీళ్ళకు దారి చూపిస్తుంది" అని కేకలేసేది. మిద్దె అంచుల్లో నీళ్ళు పోవడానికి దోనెలుండేవి. వాన పడుతుంటే తాత గొడుగేసుకుని పైకెళ్ళి దోనెల్లో ఆకులు తీసేవాడు. "మిద్దె మీద నీళ్ళు నిలబడితే ఏ చౌడూ ఆపదు" అని ఆయన సూత్రం.

2023లో ఒక రోజు ఆ ఊరి నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. "ఏం రా తమ్ముడూ, మన చెరువు అవతల బీడులో చెత్త డంపు పెడతారంట. లాండ్‌ఫిల్ అంటున్నారు. అడుగున మన మిద్దె మీద చౌడు వేసినట్టు మట్టి వేస్తారంట, చుక్క కూడా దిగదంట. నిజమేనా? వచ్చే నెల బహిరంగ విచారణ ఉంది. నువ్వు చదువుకున్నోడివి, వచ్చి ఒక మాట మాట్లాడు" అన్నాడు.

"అన్నా, నేను చదివింది బీకాం" అన్నాను.

"అయితే లెక్కలు వచ్చు కదా, అది చాలు" అన్నాడు.

కాదనలేకపోయాను. కాదనలేకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

ముందుగా అసలు సంగతి. చెత్త గుట్ట మీద వాన కురుస్తుంది. చెత్తలో ఉన్న అన్నం, కూరగాయల తొక్కలు, పండ్లు కుళ్ళుతాయి. ఈ రెండూ కలిసి నల్లటి ఊట కిందకు దిగుతుంది. ఇంజనీర్లు దానిని లీచేట్ అంటారు. కాఫీ పొడి మీద వేడినీళ్ళు పోస్తే డికాక్షన్ దిగినట్టే ఇదీ దిగుతుంది. ఈ డికాక్షన్లో అమోనియా, ఉప్పులు, కుళ్ళు పదార్థాలు, ఒక్కోసారి బ్యాటరీల నుంచీ రంగుల నుంచీ వచ్చే సీసం వంటి లోహాలు ఉంటాయి. అది భూగర్భ జలంలో కలిస్తే బావులూ బోర్లూ పాడవుతాయి. అందుకే గుంట అడుగున నీరు దిగని పొర వేస్తారు. దానినే లైనర్ అంటారు.

మన దేశంలో దీనికి ఒక నియమం వచ్చిందంటే, బెంగళూరులో ఉండే ఇంజనీరు అల్మిత్రా పటేల్ గారు 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం అందుకు దారి తీసింది. 2000లో పురపాలక చెత్త నియమాలు వచ్చాయి. 2016లో వాటిని మార్చి రాశారు. రెండింటిలోనూ గుంట అడుగు గురించి చెప్పిన మాట ఇంచుమించు ఒకటే. కనీసం 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టి, లేదా బాగుచేసిన మట్టి వేయాలి. దానిలోంచి నీరు దిగే వేగం సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతుకు మించకూడదు. దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరచాలి. భూగర్భ జలం ఎంత పైకి వచ్చినా ఈ మట్టి పొరకు ఇంకా రెండు మీటర్లు కిందనే ఉండాలి.

"కోటో వంతు" అనగానే మా అన్న నవ్వాడు. "అంటే దిగనట్టే కదా రా" అన్నాడు. బ్యాంకులో చేరిన కొత్తలో నేనూ చక్రవడ్డీని చూసి ఇలాగే నవ్వాను. అందుకని కాగితం తీసుకున్నాను.

ఏడాదికి 3 కోట్ల 15 లక్షల సెకన్లు. సెకనుకు కోటో వంతు చొప్పున ఏడాదికి సుమారు 3.15 సెంటీమీటర్లు. ఇది మట్టి మీద ఊట నిలవకుండా తడి మాత్రమే ఉన్నప్పటి లెక్క. మట్టి మీద ఒక అడుగు ఎత్తున ఊట నిలిచిందనుకోండి, ఆ బరువు తోస్తుంది కాబట్టి వేగం మూడో వంతు పెరిగి ఏడాదికి 4.2 సెంటీమీటర్లవుతుంది. ఒక ఎకరంలో లెక్క కడితే సంవత్సరానికి దాదాపు 1,70,000 లీటర్లు, అంటే రోజుకు 460 లీటర్లకు పైన. అంతా నియమం ప్రకారం కట్టిన మట్టి పొరలోంచే! నీటి ఒత్తిడికీ నీటి నడకకూ ఉన్న ఈ సంబంధాన్ని 1856లో ఫ్రాన్స్‌లోని దిజోఁ పట్టణానికి నీటి సరఫరా ఏర్పాటు చేసిన ఆంరీ దార్సీ అనే ఇంజనీరు ఇసుకతో ప్రయోగాలు చేసి కనిపెట్టాడు. ఈ రోజుకూ ఆ సూత్రమే ఆధారం.

అదే ముప్పై అడుగుల ఊట నిలిస్తే? దిగేది ఎనిమిది రెట్లు దాటుతుంది. మా తాత దోనెల్లో ఆకులు ఎందుకు తీసేవాడో నాకు అప్పుడు అర్థమైంది. లాండ్‌ఫిల్‌లో కూడా లైనర్ మీద గులకరాళ్ళ పొర, అందులో చిల్లుల పైపులు వేసి ఊటను ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. అమెరికాలో 1991 నాటి నిబంధన ప్రకారం లైనర్ మీద ఊట 30 సెంటీమీటర్లకు మించి నిలవకూడదు. ఆ పైపులు పూడుకుపోయినా, పంపు చెడిపోయినా, కరెంటు బిల్లు కట్టకపోయినా, మట్టి ఎంత మంచిదైనా పని జరగదు.

ఇంకొక లెక్క. నీరు మట్టి రేణువుల సందుల్లోంచే నడవాలి కదా. ఆ సందులు మొత్తంలో నలభై శాతం అనుకుంటే, అడుగు ఎత్తు ఊట కింద ఉన్న 90 సెంటీమీటర్ల పొరను దాటడానికి ఊటకు పట్టేది ఎనిమిదిన్నర ఏళ్ళు. అంటే ఒంటి మట్టిపొర బాకీ మాఫీ చేయదు. వాయిదా వేస్తుంది, అంతే. అందుకే పైన ప్లాస్టిక్ షీటు. షీటుకు ఎక్కడో ఒకచోట చిల్లు పడుతుంది. చిల్లు కింద గులకరాళ్ళో ఇసుకో ఉంటే ఊట ధారగా పోతుంది. మెత్తటి మట్టి అంటుకుని ఉంటే, ఆ చిల్లు మేరకే నెమ్మదిగా ఊరుతుంది. అసలు అప్పుదారు ప్లాస్టిక్, జామీను మట్టి. ఇద్దరూ గట్టివాళ్ళయితేనే ఖాతా నిలబడుతుంది. షీటుకూ మట్టికీ మధ్య మడత, సందు ఉంటే జామీనుదారు ఊరొదిలి పోయినట్టే.

ఇక మట్టి గుణం చూద్దాం. బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో అయిదువందలో వంతు కంటే చిన్నవి, పలకల్లా ఉంటాయి. అన్ని బంకమట్టులూ ఒకటి కావు. బెంగళూరు చుట్టుపక్కల ఎర్రమట్టిలో ఎక్కువగా ఉండే కావోలినైట్ పెద్దగా ఉబ్బదు. మన నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు ఇస్తుంది. ఆ జాతిలో అన్నిటికంటే ఉబ్బేది సోడియం ఉన్న బెంటొనైట్. అమెరికాలో ఫోర్ట్ బెంటన్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. మన దేశంలో కచ్‌లో, రాజస్థాన్ బార్మేర్‌లో తవ్వుతారు. స్థానికంగా మంచి బంకమట్టి దొరకని చోట ఉన్న మట్టిలోనే నూటికి కొన్ని పాళ్ళు బెంటొనైట్ పొడి కలుపుతారు. నియమంలో "బాగుచేసిన మట్టి" అన్నది ఇదే. రెండు బట్టల మధ్య బెంటొనైట్ నింపి చాపలా చుట్టి అమ్మే పొరలు కూడా 1980ల చివరి నుంచి వాడుకలోకి వచ్చాయి. మందం సెంటీమీటరు కూడా ఉండదు.

ఇక్కడే మా చౌడు మిద్దె కథ కలుస్తుంది. చౌడు నేలలో సోడియం ఎక్కువ. సోడియం ఉన్న మట్టి తడిస్తే రేణువులు విడివిడిగా చెదిరి సందులన్నీ పూడ్చేస్తాయి. అందుకే చౌడు పొలంలో నీళ్ళు ఇంకవు, పైరు చస్తుంది. పొలానికి శాపమైన ఆ గుణమే మిద్దెకు వరమయింది. మరి చౌడు పొలాన్ని బాగుచేయాలంటే రైతు ఏం చేస్తాడు? జిప్సం చల్లుతాడు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. రేణువులు గుంపులు కడతాయి, సందులు తెరుచుకుంటాయి, నీళ్ళు ఇంకుతాయి. చెత్త ఊటలో కూడా కాల్షియం ఉంటుంది. బెంటొనైట్‌లోని సోడియాన్ని అది కొద్దికొద్దిగా తోసేస్తే, ఉబ్బే గుణం తగ్గి పొర వదులవుతుంది. అంటే మనం లైనర్ వేసి, దానికి మనమే జిప్సం చల్లినట్టు. అందుకని మంచినీళ్ళతో పరీక్ష చేసిన ఫలితం ఒక్కటే చాలదు. ఆ గుంటలో రాబోయే ఊట వంటి నీళ్ళతో కూడా పరీక్షించి చూడాలి.

పరిచే పద్ధతి ఇంకా ముఖ్యం. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డేనియల్ 1984లో ఒక సంగతి బయటపెట్టాడు. ల్యాబులో చిన్న ముద్ద మీద చూసిన దానికంటే, గుంటలో వేసిన అసలు పొరలోంచి నీరు పది రెట్లకు పైగా, కొన్నిచోట్ల ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువగా పోతోందని. కారణాలు మా అవ్వకు తెలిసినవే. గడ్డలు నలగలేదు, పొరకూ పొరకూ అతుకు పడలేదు, ఎండకు నెర్రెలు ఇచ్చాయి. మట్టిని జానెడుకు మించని పొరలుగా, బాగా గట్టిపడే తేమ కంటే రెండు మూడు పాళ్ళు ఎక్కువ తడిగా ఉంచి, గొర్రె డెక్కల్లాంటి బుడిపెలున్న రోలర్‌తో తొక్కించాలి. తొక్కించింది ఆరకముందే కప్పాలి. బళ్ళారి ఎండలో కాంట్రాక్టరు రెండు వారాలు అలా వదిలేస్తే చెరువు ఎండినప్పటి నెర్రెలే. వేగం పది రెట్లయితే ఇందాకటి ఎనిమిదిన్నర ఏళ్ళ వాయిదా పది నెలలకు దిగిపోతుంది.

మంచి మట్టి ఉన్నా మనిషి చెడగొట్టిన కథ ఒకటి చెప్పాలి. అమెరికాలో నయాగరా జలపాతం ఉన్న ఊళ్ళో లవ్ కెనాల్ అని సగం తవ్వి వదిలేసిన కాలువ ఉంది. హుకర్ అనే రసాయనాల కంపెనీ 1942 నుంచి 1953 దాకా అందులో సుమారు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చింది. అక్కడి నేల బంకమట్టి. పైన కూడా బంకమట్టితోనే కప్పారు. 1953లో ఆ స్థలాన్ని పాఠశాల బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మారు. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్ళు లేచాయి. రోడ్లకూ మురుగు పైపులకూ తవ్వుతూ మట్టి గోడలకు గండ్లు పెట్టారు, పైకప్పునూ చెదరగొట్టారు. వాన నీరు లోపలికి దిగి, నిండిన తొట్టిలా పొర్లి, ఇళ్ళ నేలమాళిగల్లోకి వచ్చింది. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వందల కుటుంబాలు ఇళ్ళు వదిలాయి. ఆ దెబ్బతోనే 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. ఇందులో మట్టి చేసిన తప్పేమీ లేదు. కింద ఏముందో మరిచిపోయినవాళ్ళదే తప్పు.

ఇప్పుడు నా మాట. 2003లో నేను నగరానికి కొంత దూరంలో ఒక గ్రామీణ శాఖలో మేనేజరుగా ఉన్నాను. ఏ ఊరో చెప్పను. ఒక రైతు పాడి పశువులకూ బోరుకూ అప్పు అడిగాడు. నేనే వెళ్ళి చూశాను. పట్టా చూశాను, ఇరవై ఏళ్ళ ఈసీ చూశాను, పశువుల పళ్ళు కూడా లెక్కపెట్టించాను. ఆ పొలానికి పైన, అర కిలోమీటరు దూరంలో లారీలు చెత్త పోస్తున్నాయి. కనిపించింది. వాసన కూడా వచ్చింది. "ఇదేమిటి?" అని అడిగితే, "టౌను చెత్త సార్, పాత క్వారీ గుంట" అన్నాడు. ఫారంలో ఆ సంగతి రాయడానికి గడి లేదు. నేను రాయలేదు. అప్పు మంజూరు చేశాను.

నాలుగేళ్ళ తరువాత ఆ బోరు నీళ్ళు రంగు మారాయి. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకునేవట. దూరం నుంచి ట్యాంకరు నీళ్ళు తోలించి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. పాల డబ్బు నీళ్ళకే చాలలేదు. ఒక్కొక్క ఆవునే అమ్మాడు. అప్పటికి నాకు బదిలీ అయింది. ఖాతా మొండి బాకీ అయిందని, నోటీసు పంపారని తరువాత తెలిసింది. ఒకసారి బస్టాండులో ఎదురుపడి, "మీరేం చేస్తారు సార్, మీరు మంచికే ఇచ్చారు" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళయినా గుచ్చుతూనే ఉంది. ఆ బోరు పాడవడానికి ఆ గుంటే కారణమని రుజువు చేసే కాగితం నా దగ్గర లేదు. ఆ కాగితం ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే మొదట్లో ఆ నీళ్ళు ఎలా ఉండేవో ఎవరూ పరీక్ష చేసి రాసిపెట్టలేదు. రాసిపెట్టగల వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అందుకే 2023లో విచారణకు వెళ్ళాను. నివేదిక సారాంశం కన్నడంలో ఇచ్చారు. రాత్రి మా అన్న ఇంటి అరుగు మీద కూర్చుని పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పాను. "వద్దే వద్దు అందాం" అని కొందరన్నారు. నేను మాత్రం "కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలంటే కుదరదు. మన చెత్త ఎక్కడికో పోవాలి కదా. ప్రశ్నలు అడుగుదాం" అన్నాను. మర్నాడు అయిదు ప్రశ్నలు చదివాను.

ఒకటి, మట్టి ఏ ఊరి నుంచి తెస్తారు, ల్యాబు ఫలితం ఏది? రెండు, పరిచిన తరువాత గుంటలోనే పరీక్ష ఎవరు చేస్తారు, ఒక్కొక్క పొరకూ ఎవరు సంతకం పెడతారు? మూడు, భూగర్భ జలం రెండు మీటర్లు కింద ఉందన్నారు, కొలిచింది ఏ నెలలో? మే నెలలో కొలిచి అక్టోబరుకు లెక్క చెప్పకండి. చెరువు నుంచి 200 మీటర్ల దూరం ఉండాలన్న నియమాన్ని నిండిన చెరువు అంచు నుంచి కొలిచారా, ఎండిన చెరువు నుంచా? నాలుగు, ఊట తోడి ఎక్కడ శుద్ధి చేస్తారు, పంపు ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి? అయిదు, మూసేసిన తరువాత కూడా 15 ఏళ్ళు కనిపెట్టుకుని ఉండాలని నియమం. ఆ 15 ఏళ్ళ ఖర్చు ఇప్పుడే ఏ ఖాతాలో వేస్తున్నారు?

అయిదో ప్రశ్నకు వేదిక మీద ఉన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబు, కొలిచింది ఏప్రిల్‌లో అని. అన్నీ రికార్డు చేసుకున్నారు. వానల తరువాత మళ్ళీ కొలుస్తామని అన్నారు. మా అన్న మాత్రం ఆగలేదు. ఊళ్ళో ఏడు బావులూ బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి, పరీక్ష చేయించి, తేదీలతో రిపోర్టులు పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. ఆ రోజు వరకూ నీళ్ళు ఇలా ఉన్నాయని ఇప్పుడు ఆ ఊరికి ఒక కాగితం ఉంది. నేను ఆ రైతుకు చేయలేనిది అదే.

చివరిగా మన ఇంటి సంగతి. గుంటలోకి తడి చెత్త పోకపోతే ఊటలో చాలా భాగం పుట్టనే పుట్టదు. 2016 నియమాల ప్రకారం కూడా కుళ్ళేవీ, మళ్ళీ వాడుకోగలిగేవీ లాండ్‌ఫిల్‌కు పోకూడదనే ఉండేది. కూర తొక్కలను వేరే బుట్టలో వేయడం నిమిషం పని. అడుగున ఎంత మట్టి వేసినా, ఈ నిమిషం చేసే పని అది చేయలేదు. మీ ఊళ్ళో ఇలాంటి విచారణ ప్రకటన పత్రికలో కనబడితే, దాన్ని కత్తిరించి దాచుకోండి. వెళ్ళండి. ముందు మీ బావి నీళ్ళు పరీక్ష చేయించి తేదీ వేయించి పెట్టుకోండి.

మా తాతగారి మిద్దె ఇప్పుడు లేదు, ఆ చోట సిమెంటు స్లాబు లేచింది. కానీ ఆయన సూత్రం స్లాబుకూ వర్తిస్తుంది, బ్యాంకుకూ వర్తిస్తుంది: కారుతున్నది ఎక్కడో ముందు చూడాలి, గిన్నె పెట్టడం తరువాత. వచ్చే సంచికలో మళ్ళీ డబ్బు లెక్కలతోనే కలుద్దాం. సెలవు.